రక్తపిశాచి సిరీస్ ఏడో భాగానికి వచ్చాక

బెంగళూరులో పగలంతా ఉద్యోగమో చదువో చూసుకుని, రాత్రిపూట టీనేజీ పాఠకుల కోసం తెలుగులో వాంపైర్ సీరియల్ రాసేవాళ్లకి ఈ టపా. మొదటి భాగం ఎలా ఎత్తుకోవాలో చెప్పేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు. ఆరు భాగాలు అయిపోయి ఏడోది మొదలుపెట్టేవాళ్లకి చెప్పేవాళ్లు తక్కువ. అసలు చిక్కంతా అక్కడే ఉంటుంది.

ఏడో భాగం దగ్గరికి వచ్చేసరికి చాలామంది చేసే పని కథలోకి కొత్త శక్తి తేవడం. నాయికకి ఉన్నట్టుండి మనసులు చదవడం వస్తుంది. పాత విలన్‌కి తాతలాంటి విలన్ పుట్టుకొస్తాడు. దాంతో మొదటి ఆరు భాగాల్లో పాఠకులు పడ్డ భయమంతా వెనక్కి తిరిగి చూస్తే ఉత్తదైపోతుంది. నేను గట్టిగా నమ్మేది ఒకటే: ఏడో భాగానికి కావలసిన ముడిసరుకు మొదటి ఆరు భాగాల్లోనే ఉంది. అప్పుడు తేలిగ్గా పెట్టేసిన నియమాల ఖరీదు ఇప్పుడు వసూలు చేయాలి.

ఇది కొత్తగా వచ్చిన జబ్బేమీ కాదు. 1845–47 మధ్య లండన్‌లో చవక వారపత్రికల తరహాలో 'వార్నీ ది వాంపైర్' అనే సీరియల్ వచ్చింది. రెండు వందలకు పైగా అధ్యాయాలు నడిచిన ఆ కథలో వార్నీ రక్తపిశాచి ఎలా అయ్యాడన్నది ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంటుంది. వారం వారం రాసేవాడికి పాత వారం గుర్తుండదు. ఇప్పుడు ఫోన్లో భాగాలుగా రాసేవాళ్ల పరిస్థితీ అంతే. కాకపోతే ఈనాటి పాఠకులు రెండో భాగాన్ని అప్పటికప్పుడు తెరిచి చూసుకోగలరు, కింద కామెంట్‌లో అడగగలరు.

వివరంగా మాట్లాడుకోవడానికి ఒక సిరీస్ కల్పించుకుందాం. నాయిక మేఘన, 16 ఏళ్లు, మారతహళ్లిలో అమ్మానాన్నలతో ఉంటుంది, ఫస్ట్ పీయూలో, అంటే ఇంటర్ మొదటి ఏడాదిలో చేరింది. నాయకుడు రాఘవ 1879లో హిందూపురంలో పుట్టాడు. పని వెతుక్కుంటూ బెంగళూరు వచ్చి, 1898 ప్లేగులో 19 ఏళ్లకే చచ్చి లేచాడు. మొదటి భాగం 2016 జూన్‌లో మొదలవుతుంది. ఒక్కో భాగంలో మూడు నెలలు గడుస్తాయి.

ముందు కాలం లెక్క. ఏడు మూళ్లు ఇరవై ఒకటి. అంటే ఏడో భాగం 2017 డిసెంబరు నుంచి 2018 ఫిబ్రవరి దాకా నడుస్తుంది. మార్చిలో సెకండ్ పీయూ పరీక్షలు. ఈ లెక్క వేయకుండా రాస్తే మేఘన ఏడో భాగంలో కూడా ఫస్ట్ పీయూ రికార్డులు రాస్తూ కూర్చుంటుంది. లెక్క వేస్తే, పరీక్షల భయం, రాఘవ లోకం ఒకేసారి మీద పడే భాగం ఇదేనని తెలుస్తుంది. మీరు రాస్తున్నది ఏ సంవత్సరమైనా కావచ్చు, కథలో మాత్రం 2018 ఫిబ్రవరే. అప్పటికి వైట్‌ఫీల్డ్‌కి మెట్రో లేదు, పర్పుల్ లైన్ అక్కడిదాకా వెళ్లింది 2023లో. మేఘన మెట్రో ఎక్కి వైట్‌ఫీల్డ్‌లో దిగితే అది తప్పే. ఇంగ్లీషులో 'వాంపైర్ డైరీస్' మొదటి నాలుగు పుస్తకాలు 1991–92లో వచ్చి, తర్వాతది 2009లో వచ్చింది. మధ్యలో పదిహేడేళ్లు. సెల్‌ఫోన్లు లేని లోకంలో మొదలైన పాత్రల చేతికి సెల్‌ఫోన్లు వచ్చేశాయి, కథలో గడిచింది మాత్రం కొద్ది కాలమే. మీ సిరీస్‌కి ఆ గతి పట్టకుండా ఉండాలంటే ప్రతి అధ్యాయం నెత్తిన, పాఠకులకి కనబడకపోయినా, తేదీ రాసుకోండి.

ఇదే లెక్కలో ఒక నిధి కూడా దొరుకుతుంది. మన రెండో భాగం 2016 సెప్టెంబరు నుంచి నవంబరు దాకా. నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లు రద్దయ్యాయి. నూట పద్దెనిమిదేళ్లుగా బ్యాంకు ఖాతా, ఆధార్ కార్డు లేకుండా బతుకుతున్న రాఘవ దగ్గర డబ్బు ఏ రూపంలో ఉంటుంది? పెద్ద నోట్ల రద్దు అతనికి కొత్త కాదు, 1946లో, 1978లో కూడా చూశాడు. కాబట్టి బంగారం దాచి ఉంటాడు, లేదా మూడోసారి కూడా మునిగి ఉంటాడు. రెండో భాగంలో మీరు ఆ ఊసే ఎత్తకపోతే మరీ మంచిది. ఏడో భాగంలో, అతను ఈ ఏడాదిగా ఎవరి దగ్గర అప్పు చేసి గడుపుతున్నాడో మేఘనకి తెలిసిన రోజు ఒక పెద్ద సన్నివేశం వస్తుంది. పాత భాగంలో ఒక్క అక్షరం మార్చక్కరలేదు.

తర్వాత ఎండ. సూర్యుడి వెలుగు తగిలితే చావడమనేది ఆది నుంచీ ఉన్న నియమం కాదు. 1897 నాటి 'డ్రాకులా' నవలలో డ్రాకులా ప్రభువు పగలు తిరుగుతాడు, శక్తులు మాత్రం తగ్గుతాయి. పొద్దుపొడుపుకి కరిగిపోవడం 1922 నాటి మూకీ చిత్రం 'నోస్‌ఫెరాటు' నుంచి పాతుకుపోయింది. మీరు ఏది తీసుకున్నా సరే, మొదటి భాగంలో తీసుకున్నది ఏడో భాగంలో కూడా నిలబడాలి. చలిదేశాల కథల్లో శీతాకాలపు రాత్రి పదహారు గంటలుంటుంది, వాంపైర్‌కి బోలెడు తీరిక. బెంగళూరు 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఇక్కడ డిసెంబరు రాత్రి సుమారు పన్నెండున్నర గంటలు, జూన్ రాత్రి పదకొండు గంటల పైచిలుకు. తేడా గంటన్నరే. జనవరి చివర్లో పొద్దు పొడిచేది 6:45 ప్రాంతంలో, మే చివర్లో 5:52 ప్రాంతంలో. పొద్దు పొడవడానికి ఇరవై నిమిషాల ముందే మనిషి మొహం ఆనవాలు పట్టేంత వెలుగు వస్తుంది. మీ నియమంలో చంపేది సూర్యబింబమా, ఆ ముందు వెలుగా అన్నది తేల్చుకోండి. ఏడో భాగం పతాక సన్నివేశంలో ఆ ఇరవై నిమిషాలే కథ అవుతాయి.

చెన్నై ప్రయాణం పెట్టేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. చెన్నై తూర్పున ఉంది, అక్కడ బెంగళూరు కన్నా దాదాపు పది నిమిషాలు ముందే తెల్లారుతుంది. దారి 350 కిలోమీటర్లు, బస్సులో ఆరేడు గంటలు. మే నెలలో రాత్రి పదకొండున్నరకి బస్సెక్కించిన వాంపైర్‌కి శ్రీపెరుంబుదూరు చుట్టుపక్కలే తెల్లారిపోతుంది. జనవరిలో అయితే అదే బస్సు దిగి ఆటో మాట్లాడుకునేంత వ్యవధి ఉంటుంది.

నీడ లేకపోవడం మీ నియమాల్లో ఉంటే ఇంకో సంగతి. ఏటా ఏప్రిల్ 24, ఆగస్టు 18 ప్రాంతాల్లో బెంగళూరులో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకి నీడ పక్కకి పడదు. పగలు తిరగగల వాంపైర్ జనంలో కలిసిపోవడానికి అంతకన్నా మంచి ముహూర్తం లేదు. కానీ మన ఏడో భాగం డిసెంబరు–ఫిబ్రవరి మధ్యది, ఆ రోజు అందులో రాదు. ఎంత ముచ్చటగా ఉన్నా లాక్కొచ్చి పెట్టకండి.

ఇక రక్తం. అన్నిటికన్నా ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, అన్నిటికన్నా ఎక్కువ కథ దొరికేదీ ఇక్కడే.

మేఘన బరువు 48 కిలోలు అనుకోండి. ఆడవాళ్లలో కిలోకి సుమారు 65 మిల్లీలీటర్ల చొప్పున ఆమె ఒంట్లో మూడు లీటర్ల పైచిలుకు రక్తం ఉంటుంది. అందులో 15 శాతం, అంటే 450 దాటే వరకు ఒళ్లు తట్టుకుంటుంది, కాస్త కళ్లు తిరుగుతాయి. 30 శాతం, అంటే 900 పైన పోతే నాడి పరుగెడుతుంది, రక్తపోటు పడిపోతుంది, మాట తడబడుతుంది, ఆసుపత్రికి చేర్చకపోతే ప్రాణం మీదికి వస్తుంది. మన దేశంలో రక్తదానం చేసేవాళ్లకి 18 ఏళ్లు నిండాలి, బరువు కనీసం 45 కిలోలు ఉండాలి, తీసుకునేది 350 మిల్లీలీటర్లు. బరువు ఎక్కువున్నవాళ్ల దగ్గరే 450. మళ్లీ ఇవ్వడానికి మగవాళ్లకి మూడు నెలలు, ఆడవాళ్లకి నాలుగు నెలలు ఆగాలి. పోయిన రక్తంలో నీటిభాగం ఒకటి రెండు రోజుల్లో సర్దుకున్నా, ఎర్రకణాలు తిరిగి రావడానికి వారాలు పడుతుంది. నిల్వ ఇనుము కూడేసరికి ఇంకా ఆలస్యం.

ఇప్పుడు మీ ఐదు, ఆరు భాగాలు తీసి లెక్కపెట్టండి. రాఘవ మేఘన రక్తం ఎన్నిసార్లు తాగాడు? వారానికోసారి 350 చొప్పున నెల తాగి ఉంటే 1400 మిల్లీలీటర్లు పోయినట్టు. ఆ పిల్ల కాలేజీ మెట్లెక్కలేదు. ఆయాసం, గుండెదడ, పాలిపోయిన కళ్లు. ఇది తప్పని కంగారుపడి పాత భాగాలు దిద్దకండి. ఏడో భాగంలో దీన్నే వాడుకోండి. వాళ్లమ్మ పిల్లని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంది, హిమోగ్లోబిన్ 7 వస్తుంది, కారణం ఎవరికీ అంతుపట్టదు. ప్రేమ పేరుతో ఆరు భాగాలుగా నడిచిన పని ఒక కాగితం మీద అంకెగా కనబడుతుంది. రాఘవ ఆ కాగితం చూడాలి. ఎంత పెద్ద విలన్ వచ్చినా ఆ సన్నివేశానికి సాటిరాడు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. పాఠకులు పదిహేను, పదహారేళ్ల పిల్లలు. మేఘన తన చెయ్యి తనే కోసుకుని ఇవ్వడాన్ని త్యాగంగా, అందంగా రాయొద్దు. ఎలా కోసుకుందో వర్ణించొద్దు. పాత భాగంలో అలా రాసి ఉంటే, ఏడో భాగంలో ఆ పని చేసిన హాని కనబడేలా రాయాలి.

రక్తనిధి నుంచి దొంగిలించే రాఘవ అయితే నియమాలు వేరు. ఎర్రకణాల సంచులు 2 నుంచి 6 డిగ్రీల మధ్య ఉండాలి, కలిపే ద్రావణాన్ని బట్టి 35 లేదా 42 రోజులు నిల్వ ఉంటాయి. ప్లేట్‌లెట్లు ఐదు రోజులే, అవి గది వేడిలో, నెమ్మదిగా ఊగే యంత్రంలో ఉంటాయి. వాటిని ఫ్రిజ్‌లోంచి తీయించకండి. గడువు దాటిన సంచులు ఎలాగూ పారేసేవే, అవి తీసుకెళ్తే ఎవరికీ నష్టం లేదని రాఘవ అనుకోవచ్చు. అయితే ప్రతి సంచికీ నంబరు ఉంటుంది, పారేసినదానికి కూడా రిజిస్టరులో లెక్క ఉంటుంది. ఆ లెక్క చూసే ఉద్యోగి ఒకరు ఏడో భాగంలోకి వస్తే, ఏ మంత్రశక్తీ లేకుండానే రాఘవకి గట్టి ప్రత్యర్థి దొరికినట్టే.

రక్తం గ్రూపు సంగతి మరీ మంచిది. 1952లో అప్పటి బొంబాయిలో డాక్టర్ వై.ఎం. భెండే బృందం ఒక అరుదైన గ్రూపు కనిపెట్టింది. దాన్నే బాంబే గ్రూపు అంటారు. మన దేశంలో సుమారు పదివేల మందిలో ఒకరికి ఉంటుంది. మామూలు పరీక్షలో ఇది 'ఓ' (O) గ్రూపులాగే కనబడుతుంది, ఎందుకంటే ఏ, బీ రెండూ ఉండవు. ఓ గ్రూపు వాళ్లకి ఉండే హెచ్ అనే పదార్థం కూడా వీళ్లకి ఉండదు. అందుకే వీళ్లకి ఓ గ్రూపు రక్తం ఎక్కించినా పడదు, బాంబే గ్రూపు రక్తమే కావాలి. మొదటి భాగంలో మేఘనది ఓ పాజిటివ్ అని రాశారనుకోండి. ఏడో భాగంలో అది బాంబే గ్రూపని తేలితే పాత మాట అబద్ధం కాదు. పరీక్ష అలాగే చూపిస్తుంది. పాత వాక్యం చెక్కుచెదరకుండా అర్థం మారిపోవడం ఇదే.

కానీ వాడేముందు మూడు చోట్ల తడిమి చూడాలి. మూడో భాగంలో యాక్సిడెంట్ అయినప్పుడు మేఘనకి ఓ గ్రూపు రక్తం ఎక్కించి బతికించారా? అయితే ఈ దారి మూసుకుపోయింది. చలిజ్వరం, నడుంనొప్పి, ముదురు రంగు మూత్రం, కిడ్నీలు దెబ్బతినడం అప్పుడే జరిగి ఉండాలి, అసలు ఎక్కించే ముందు చేసే సరిపోలిక పరీక్షలోనే బయటపడి ఉండాలి. ఆమె రక్తం ఇంకొకరికి ఇచ్చినట్టు రాశారా? దానికి అడ్డు లేదు, వయసొక్కటే చిక్కు. అమ్మానాన్నలది మేనరికమని ఎక్కడైనా అన్నారా? అంటే అదృష్టం పండినట్టే. ఇది తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు వైపులా వస్తేనే బయటపడే లక్షణం, మేనరికాల్లో అవకాశం పెరుగుతుంది. తోడబుట్టినవాళ్లకి నాలుగో వంతు అవకాశం. రెండో భాగంలో ఊరికే వచ్చి వెళ్లిన తమ్ముడు ఇప్పుడు ఒక్కసారిగా ముఖ్యుడైపోతాడు.

ఇక గడప. ఇంటివాళ్లు పిలిస్తేనే లోపలికి రాగలడన్న నియమం మనవాళ్లకి కొత్తగా నేర్పక్కరలేదు. తొంభైల్లో తెలుగు ఊళ్లలో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకున్నారు, బెంగళూరులో 'నాళె బా' అని రాసుకున్నారు. గడప దగ్గర మాటకి బలముందన్న నమ్మకం మనలో ఉన్నదే. చిక్కంతా అపార్ట్‌మెంట్లతో. పిలవాల్సింది గేటు దగ్గరా, ఫ్లాటు తలుపు దగ్గరా? అద్దె ఇంట్లో పిలిచే హక్కు ఓనరుదా, అద్దెకున్నవాళ్లదా? పీజీలో ముగ్గురు ఒక గది పంచుకుంటే ఒకమ్మాయి పిలుపు మిగతా ఇద్దరికీ వర్తిస్తుందా? సెక్యూరిటీ అతను ఇంటర్‌కమ్‌లో అడిగితే 'పంపించండి' అనడం పిలుపేనా? మొదటి భాగంలో మీరు ఏదో ఒకటి అనేసి ఉంటారు. అది వెతికి పట్టుకోండి. పిలుపు వెనక్కి తీసుకోవచ్చా లేదా అన్నది ఇంతవరకు చెప్పకపోతే, ఏడో భాగంలో చెప్పడానికి అదే చోటు.

ఇక ఇంగ్లీషు సిరీస్‌లు రాసేవాళ్లకి లేని తలనొప్పి మనకొకటుంది. 138 ఏళ్లవాడు, చూడ్డానికి 19. మేఘన అతన్ని నువ్వంటుందా, మీరంటుందా? ఏ భాగంలో, ఏ అధ్యాయంలో మీరు నుంచి నువ్వుకి దిగింది? కోపం వస్తే మళ్లీ మీరుకి ఎక్కుతుందా? వాళ్ల నాన్న రాఘవని 'ఏరా బాబూ' అంటాడు, రాఘవ ఆయన్ని 'అంకుల్' అంటాడు, నిజానికి ఆయన ముత్తాతకి ఈడు. ఇది తెలిసిన నాడు ఆ నాన్న నోట 'ఏరా' వస్తుందా? ఒక చిన్న ముక్క చూడండి.

“కూర్చో రా... కూర్చోండి,” అన్నాడు మేఘన నాన్న.
“ఇంతకుముందులాగే పిలవండి అంకుల్,” అన్నాడు రాఘవ.
ఆయన ఏమీ అనలేదు. మంచినీళ్లు తేవడానికి లేచి, తాగుతాడో లేదో తెలియక ఆగిపోయాడు.

రహస్యం బయటపడిందని వేరే చెప్పక్కరలేదు. అందుకే ప్రతి జంటకీ ఎవరు ఎవరిని ఏమంటారో రాసుకోండి. రాఘవ యాస కూడా అంతే. హిందూపురం మాట, పైన నూరేళ్ల బెంగళూరు కన్నడం. మొదటి భాగంలో 'ఉండాది' అన్నవాడు ఏడో భాగంలో టీవీ తెలుగు మాట్లాడకూడదు.

కొత్త పాఠకులకి వెనక కథ చెప్పడంలో మనకి 'చందమామ' కన్నా మంచి గురువు లేదు. 1947లో మద్రాసులో మొదలైన ఆ పత్రికలో బేతాళ కథలు దశాబ్దాల పాటు నడిచాయి. చెట్టు మీంచి శవాన్ని దించడం, భుజాన వేసుకోవడం, మౌనంగా నడవడం, బేతాళుడు మాట్లాడటం, ఆ కొద్ది వాక్యాల్లో ఎప్పుడు చదవడం మొదలుపెట్టినవాడికైనా అంతా అర్థమయ్యేది. పాత కథల జాబితా చెప్పేవాళ్లు కాదు, ఇప్పుడు జరుగుతున్న పనిలోనే వెనకటి సంగతి ఉండేది. మీరూ అలాగే చేయండి. “నువ్వు 1898లో ప్లేగులో చనిపోయావు కదా రాఘవా” అని మేఘన చేత అనిపించకండి. తెలిసిన విషయం తెలిసినవాడికి ఎవరూ చెప్పరు. అతను ఎలుక కనబడగానే ఇప్పటికీ గోడకి నక్కుతాడని రాయండి. మొదటి మూడు వందల మాటల్లో ముగ్గురికి మించి పేర్లు చెప్పకండి.

కథ చెప్పే గొంతు మార్చాలన్న కోరిక కూడా ఈ దశలోనే పుడుతుంది. రిచెల్ మీడ్ 'బ్లడ్‌లైన్స్' సిరీస్‌లో మొదటి మూడు పుస్తకాలు నాయిక సిడ్నీ ఒక్కతే చెబుతుంది, 2013లో వచ్చిన నాలుగోదాన్నుంచి నాయకుడు ఏడ్రియన్ గొంతు కూడా చేరుతుంది. అతని మనసు లోపల చూడాల్సిన అవసరం ఉంది కాబట్టి అక్కడ అది నప్పింది. మీ రాఘవ విషయంలో ఆలోచించండి. ఆరు భాగాలుగా అతనేమనుకుంటున్నాడో తెలియకపోవడమే సగం ఆకర్షణ. లోపలికి తీసుకెళ్తే ఆకలి గురించి రాయాలి, మేఘనని చూసినప్పుడల్లా ఆమె మెడ కనబడుతుందని రాయాలి. అంత నిజం రాయలేకపోతే అతని గొంతు తెరవకండి.

ఇవన్నీ పట్టుకోవడానికి పని ఇలా సాగాలి. ఏడో భాగం ఒక్క వాక్యం కూడా రాయకముందు ఆరు భాగాలూ వరసగా చదవండి, ఏమీ దిద్దకుండా. పక్కన ఒక పట్టిక పెట్టుకోండి: నియమం, అది ఎక్కడ చెప్పారు, ఎక్కడ తప్పారు. ఇంకోదానిలో పాఠకులకి ఇచ్చి తీర్చని మాటలు: రాఘవని కరిచిందెవరు, అమ్మమ్మ పెట్టెలో ఏముంది, అలాంటివి. సాధారణంగా పది పన్నెండు తేలతాయి. ఏడో భాగంలో మూడు తీర్చండి, అందులో ఒకటి సగం లోపే. మిగతావాటిలో ఒక్కదాన్ని పెద్దది చేయండి, ఎనిమిదో భాగానికి అది చాలు. నియమం తప్పిన చోట చిన్నదైతే పాత భాగంలో దిద్దేసి, దిద్దినట్టు కింద ఒక మాట రాయండి. పెద్దదైతే ముట్టుకోకండి. ఎవరో అబద్ధం చెప్పారు కాబట్టే అలా కనబడిందని ఏడో భాగంలో తేల్చే వీలుందేమో చూడండి. ఒక్కసారే సుమా. రెండోసారి అబద్ధం మీద నెట్టేస్తే పాఠకులు ఇంక ఎవరి మాటా నమ్మరు.

పోస్టు చేసేముందు ఇద్దరికి చదవడానికి ఇవ్వండి. ఒకరు ఆరు భాగాలూ చదివినవాళ్లు, ఇంకొకరు ఒక్కటీ చదవనివాళ్లు. బాగుందా అని అడగొద్దు. ఎక్కడ ఆగారో గీత పెట్టమనండి. చదవనివాళ్లు ఆగిన చోట ఒక వాక్యం చేర్చాలి. చదివినవాళ్లు ఆగిన చోట పట్టిక తీసి, పాత భాగంలో ఆ అధ్యాయం తెరిచి చూడాలి.